ఒక జింక, రెండు వాంగ్మూలాలు

హజరా బీ బ్యాగులో మొదట పెట్టింది కొడుకు చొక్కా.

పత్తి విత్తనాల కంపెనీవాళ్లు ఎప్పుడో ఇచ్చిన ఆకుపచ్చ బ్యాగు అది. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిన దగ్గర్నుంచి ఆమె దాని ముందే కూర్చుని ఉంది. రెండు లుంగీలు, ఒక తువ్వాలు, సబ్బు, పళ్లపొడి, పల్చటి దుప్పటి. ఒక్కొక్కటీ మడిచి పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ మడిచింది.

ఇంట్లో అందరూ అది ఆమె భర్త చోటే సాబ్ కోసం అనుకుంటున్నారు. ఈరోజు ఆదోని ఫారెస్టు ఆఫీసుకు పోవలసింది ఆయనే. జింకను కోసిన మనిషి మంగళవారం లోపల తనంతట తాను రాకపోతే, ఆ పొద్దు చేలో ఉన్నవాళ్లందరినీ తీసుకుపోతామని రేంజరు కబురు పెట్టి నాలుగు రోజులయింది. పోయిన మనిషి ఆ రాత్రికి ఇంటికి రాడని, కోర్టు నుంచి సబ్ జైలుకే పోతాడని లాయరు లక్ష్మీనారాయణ ఫోనులో ముందే చెప్పాడు.

కోడలు మహజబీన్ టీ గ్లాసు తెచ్చి అత్త పక్కన పెట్టింది. వంగినప్పుడు బ్యాగులోకి చూసింది. నీలం గళ్ల చొక్కా. పోయిన రంజానుకు ఎమ్మిగనూరులో తన పుట్టింటివాళ్లు అల్లుడికి కుట్టించింది.

"అమ్మీ, ఇది ఈయనది గదా."

హజరా బీ దుప్పటి అంచులు సరిచేస్తూ ఉంది.

"అబ్బాజీ బ్యాగులో ఈయన సొక్కా ఏంటికి పెట్టినారు?"

"బ్యాగు మీ అబ్బాజీది కాదు," అంది హజరా బీ. తల ఎత్తలేదు. "ఇమ్రానుది. వాడు పోతాండాడు."

గడప దగ్గర బైకు తుడుస్తున్న ఇమ్రాను చేతిలో గుడ్డ ఆగింది. కానీ అతడు ఇటు తిరగలేదు. తిరగకపోవడంతోనే, ఈ మాట తల్లీ కొడుకుల మధ్య ముందే నడిచిందని మహజబీనుకు అర్థమయింది.

ఆ పొద్దు చేలో ఎవరో ఫోనులో తీసిన వీడియోను హజరా బీ ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. ఇరవై రెండు సెకన్లు. ఊళ్లో రైతు తిమ్మప్ప శనగ చేను గట్టు. పందులకూ జింకలకూ అడ్డమని అతడు మంత్రాలయం జాలర్ల దగ్గర తెచ్చి కట్టిన పాత చేపల వల. అందులో మెలికల కొమ్ములు చిక్కుకుని పడి ఉన్న నల్లజింక. అప్పటికే కుక్కలు దాని కడుపు చీల్చాయి, కానీ వీడియోలో కడుపు కనబడదు. కనబడేది కొమ్ములు పట్టుకున్న రెండు చేతులు, కత్తితో వంగిన ఒక వీపు. తల మీద టోపీ. ముఖం లేదు.

వెనక నుంచి చూస్తే తండ్రీ కొడుకులది ఒకటే వీపు. ఆ సంగతి ఆదివారం పగలు ఆమెకు తట్టింది. తట్టిన క్షణం నుంచి ఆమె అన్నం సరిగా తినలేదు.

చోటే సాబ్ ఆ ఊరి ముల్లా. ఆ చుట్టుపక్కల ముల్లా లేకుండా కోడిని కూడా ఎవరూ కోయరు. ఊరమ్మ జాతరకైనా, దినానికైనా, కొత్త ట్రాక్టరుకైనా ఆయన రావాలి, అల్లా పేరు చెప్పి కత్తి పెట్టాలి. బండి కింద పడిన మేకనైనా సరే, ప్రాణం పోకముందే ముల్లాను పిలవండి అని కేక వేస్తారు. ఆ పొద్దు జింకకూ అట్లే కేక వేశారు. ఫారెస్టుకు ఫోను చేయాలని ఒక్కరికీ తోచలేదు. కోసిన తర్వాతే ఎవరో, ఇది సర్కారు జంతువు గదా అన్నారు. దాంతో అందరికీ వణుకు పుట్టింది. తినడానికి ఎవరూ ముందుకు రాలేదు. గట్టు పక్కనే పూడ్చేశారు. మూడో రోజు ఫారెస్టువాళ్లు వచ్చి తవ్వి తీశారు. గొంతు కోసి, దాచిపెట్టి, ఇది వేట కాదంటే ఎట్లా అన్నారు. మూడు రోజులు మట్టిలో ఉన్న కడుపును ఎవరు చీల్చారో పశువుల డాక్టరు చెప్పలేకపోయాడు.

"ఆయనకు అరవై ఎనిమిది," హజరా బీ కోడలితో అంది. "షుగరుకు పొద్దున ఒక సూది, మాపున ఒక సూది. రెండు పూటలు తప్పితే మనిషి పడిపోతాడు. నువ్వే సూసినావు గదా, పోయినేడు. ఇమ్రాను గట్టోడు. ఉండొస్తాడు."

"ఎన్నాళ్లు ఉండొస్తాడు?"

"బెయిలు ఇస్తారు గదా."

"ఆ జంతువు కేసులో బెయిలు శానా కష్టమని లాయరు సెప్పింది మీరూ విన్నారు, నేనూ విన్నా. శిక్ష పడితే మూడేండ్లకు తక్కువ లేదంట. ఏడు దాకా పోతాదంట." మహజబీన్ గొంతు పెరగలేదు. "మూడేండ్లకు నా బిడ్డ షాహిస్తా రెండో తరగతికి వస్తాది, అమ్మీ."

హజరా బీ ఆ లెక్క వేసుకోలేదు. ఆమె వేసుకున్న లెక్కలన్నీ సూదులవి.

"కోసింది ఆయన కాదు," అంది మహజబీన్. "కోడిని కోస్తాంటే కూడా దూరం పోయే మనిషి. బక్రీదు పొద్దున పని ఉందని సెప్పి మిల్లుకు పోతాడు. ఆయన్ను కసాయిని సేసి పంపుతారా?"

"నాకు వేరే దారి యాడుంది?"

"మీ మొగుడు మీకు కావాల. నా మొగుడు నాకు అక్కర్లేదా?"

టీ మీద మీగడ కట్టింది. హజరా బీకి ఒక్కటే భయం, మసీదు నుంచి వచ్చి ఇంటి ముందు కట్ట మీద కూర్చున్న చోటే సాబుకు ఇది వినబడిందేమోనని. ఆయన ఎదురుగా తిమ్మప్ప వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. వినబడలేదు.

ఇమ్రాను లోపలికి వచ్చి బ్యాగు తీసుకున్నాడు. వెనక వాకిట్లోంచి పోవాలని తల్లి ముందే చెప్పింది. తండ్రి ఆటో ఎక్కేలోపల వీడు ఆదోని చేరాలి, ఆయన ఆఫీసు మెట్లెక్కేలోపల వీడి మాట కాగితం మీద పడాలి. ఆటో ఆలస్యమయ్యేలా తను చూసుకుంటానంది.

మహజబీన్ వెనక తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నన్ను అడగాలనిపించలేదా నీకు?"

"అడిగితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసీ సరే అన్నావా?"

ఇమ్రాను పాప ఏదని అడిగాడు. నిద్రపోతూ ఉందని చెప్పింది. లేపు, ఒక్కసారి చూసిపోతా అన్నాడు. మహజబీన్ లేపలేదు. తలుపు వదిలి పక్కకు జరిగింది. అంతే.

బైకును వీధి చివరిదాకా తోసుకుంటూ పోయి, అక్కడ స్టార్టు చేసుకున్నాడు. హజరా బీ వాకిట్లో నిలబడి చప్పుడు ఆలూరు రోడ్డు వైపు తిరిగేదాకా విన్నది. పోయేవాళ్లను పేరు పెట్టి పిలవకూడదని ఆమె తల్లి చెప్పేది. పిలవలేదు.

కట్ట మీద చోటే సాబ్ నవ్వుతున్నాడు. నవ్వుతున్నాడంటే కోపంగా ఉన్నాడని ఆమెకు తెలుసు. పరదా వెనక నిలబడి వింది.

"మీ ఊరమ్మకు కోసింది నేను. మీ నాయన దినానికి కోసింది నేను. నీ పెండ్లికి రెండు పొట్టేళ్లు, అవీ నేనే. సాబు మామ సెయ్యి మంచిదనిరి. ఇప్పుడు ఈ సెయ్యి యెవరిదో నీకు తెలీదంటావు."

తిమ్మప్ప తువ్వాలు వేలికి చుట్టుకుంటున్నాడు. యాభై ఏళ్ల మనిషి. నాలుగెకరాల శనగలో సగం జింకలే మేశాయి. అర్జీలు పెట్టాడు, ఫొటోలు తీసి పంపాడు. వల కట్టింది ఆ తర్వాతే.

"నేనా పొద్దు ఆలూరులో ఉండానని రాసిచ్చినా మామా. సంతకం పెట్టినా. ముగ్గురు సాక్షులు కూడా పెట్టినారు."

"ఉండుపో. ఆలూరులోనే ఉండు. నేను అడిగేది ఒక్క మాట. కడుపు ముందే సీలిపోయిందని సెప్పు. కుక్కలు సీల్సినాయని సెప్పు. కొనపానంతో కొట్టుకుంటాంటే కోసినాడు అని ఒక్కడు సెప్పినా జడ్జి ముఖం వేరేగా ఉంటాదంటాడు లాయరు."

"కడుపు సూసినానంటే ఆడ ఉన్నట్లే గదా మామా."

చోటే సాబ్ అతడి చేతుల వైపు చూశాడు. ఆ జింక కొమ్ములు పట్టుకున్న చేతులు తిమ్మప్పవి. ఆ చేతులు ఇప్పుడు ఆయన ముందే తువ్వాలును మెలిపెడుతున్నాయి.

"వల కట్టినా వేటే అంట," తిమ్మప్ప నేల చూస్తూ అన్నాడు. "కోయకపోయినా నాకూ అదే శిక్షంట. ఒకడు పోతే సాలు. ఇద్దరేంటికి?"

"నిజమే," అన్నాడు చోటే సాబ్. "ఆ ఒకడు నేనైతి గదా, నీకు సెప్పడం సులువే."

అప్పుడు పరదా కదిలింది. హజరా బీ చెయ్యి చాచేలోపల మహజబీన్ ఆమెను దాటుకుని కట్ట మీదికి వచ్చింది. తిమ్మప్ప ముందు ఎప్పుడూ నిలబడని కోడలు, కొంగు తల మీద సరిగా కూడా వేసుకోలేదు.

"అబ్బాజీ, మీ బదులు మీ కొడుకు పోయినాడు. కోసింది నేనేనని సెప్పడానికి. అమ్మీ పంపించింది. బండి పోయి పావుగంటయింది."

చోటే సాబ్ భార్య వైపు చూశాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను కొట్టలేదు, తిట్టింది కూడా తక్కువ. ఆ చూపును ఆమె తట్టుకోలేకపోయింది.

"ఇమ్రాన్ అబ్బా, నా మాట విను. సూదులు ఆడ ఎవరేస్తారు నీకు? వాడైతే..."

"బిస్మిల్లా సెప్పింది ఈ నోరు," అన్నాడు ఆయన. "దాన్ని తీసి వాని నోట్లో పెడతావా? ఆ జీవం మీద అల్లా పేరు ఎవరు సెప్పినారని అడిగితే నా కొడుకు అబద్ధం సెప్పాల్నా?" ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. "తిమ్మప్పా, బండి తియ్యి."

తిమ్మప్ప తీశాడు. ఆ వారమంతా అతడు చోటే సాబ్ కోసం చేసిన పని అదొక్కటే.

ఇన్సులిను ఇంట్లోనే ఉండిపోయింది. హజరా బీ సీసాను తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుని, తనతో రమ్మని కోడలిని అడిగింది. మహజబీన్ పాపకు జడ వేస్తోంది. రెండోసారి అడిగే ధైర్యం హజరా బీకి లేకపోయింది.

ఆలూరు దాకా షేరు ఆటో, అక్కణ్నుంచి బస్సు. ఆమె ఆదోని ఫారెస్టు ఆఫీసు చేరేసరికి పదకొండు దాటింది. తిమ్మప్ప బండి గేటు దగ్గర లేదు.

లోపల ఒక బెంచీ మీద తండ్రీ కొడుకూ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆకుపచ్చ బ్యాగు. ఒకరినొకరు చూసుకోవడం లేదు. బల్ల అవతల రేంజరు సునీత, ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో, రాసిన కాగితాలు తిప్పుతోంది. మెత్తని మనిషి. హజరా బీకి కుర్చీ వేయించి, నీళ్లిమ్మని చెప్పింది. మెత్తగా మాట్లాడేవాళ్లను చూస్తే హజరా బీకి ఇంకా భయం.

జరిగింది సునీతే చెప్పింది. ఇమ్రాను తొమ్మిదింటికే వచ్చాడు. తనే కోశానని చెప్పాడు, నాలుగు పేజీలు అయింది, సంతకం పెట్టాడు. అరగంటకు పెద్దాయన వచ్చి, కోసింది తను, వాడికి కత్తి పట్టడం కూడా రాదన్నాడు. ఆయనా సంతకం పెట్టాడు. అబ్బాయి మాట వెనక్కి తీసుకోమంటే తీసుకోవడం లేదు.

"వాడిది చింపేయమ్మా," అంది హజరా బీ. "వాడు పసోడు. నేను పంపితే వచ్చినాడు."

"రాసి సంతకమైన కాగితాన్ని చింపే అధికారం నాకు లేదమ్మా."

"అయితే ఆయనది చింపు."

సునీత ఆమె ముఖంలోకి చూసి తల దించుకుంది. చోటే సాబ్ బెంచీ మీద నుంచి, ఇంక నోరు మూసుకో హజరా అన్నాడు, అలసిపోయిన గొంతుతో.

హజరా బీ మూసుకోలేదు. చచ్చిపోతున్న జీవాన్ని చూస్తూ కూర్చోవాలని ఏ చట్టంలో ఉందో అడిగింది. ఉందని చెప్పింది సునీత. అది బతుకుతుందా, బతకదా అని తేల్చేది మేము, మీరు కాదు. వల కోసి, కుక్కల్ని తోలి, మాకు ఫోను చేసి ఉంటే ఈ కేసే లేదు అంది.

"ఎంతసేపటికి వచ్చుంటారు?"

"మూడు గంటలు. మా జీపు ఆ రోజు హాలహర్వి అవతల ఉంది."

"మూడు గంటలు దాని పేగులు నేల మీద ఉండాల్నా?"

"ఉండాలమ్మా," అంది సునీత. తనలో తను అనుకున్నట్టు, "నాకు మాత్రం బాగుంటుందా?" అంది.

తర్వాత ఆమె ఫోనులో వీడియో పెట్టి చోటే సాబ్ ముందు పెట్టింది. కోసింది మీరే అనుకుందాం పెద్దాయనా, కొమ్ములు పట్టుకున్నది ఎవరు అని అడిగింది.

చోటే సాబ్ కిటికీ వైపు చూశాడు. గేటు దగ్గర ఖాళీ జాగా. చాలాసేపు చూసి, చెప్పాడు. చిన్నప్పట్నుంచీ తనను మామా అని పిలిచే మనిషి పేరు ఆయన నోటి నుంచి చాలా కష్టంగా వచ్చింది.

"తిమ్మప్ప."

సునీత ఫైలు వెనక్కి తిప్పింది. తిమ్మప్ప ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆలూరులో ఉన్నాడని ముగ్గురి సంతకాలతో కాగితం ఉంది. ఆమె దాన్ని ఆయన వైపు తిప్పి చూపించింది.

"నేనే పట్టుకున్నా," అన్నాడు ఇమ్రాను.

అందరూ అతడి వైపు తిరిగారు.

"కోసింది అబ్బా అంటే అబ్బానే అనుకోండి. కొమ్ములు పట్టుకుంది నేను. ఆయన ఒక్కడే పోడు. నేనూ పోతా, సూదులు నేనేస్తా." అతడు తల్లి వైపు చూసి అన్నాడు, "నువ్వడిగింది ఇదే గదా అమ్మీ."

చోటే సాబ్ కొడుకు చెంప మీద కొట్టాడు. పెద్ద దెబ్బ కాదు. తర్వాత ఆ చేతినే వాడి తల మీద పెట్టి అట్లే కూర్చున్నాడు. అది వీడు కాదు, వీడు కాదు అని రెండుసార్లు అన్నాడు. సునీత విన్నది, కానీ పెన్ను ఆపలేదు. వీడియోలో ఉన్నది ఇద్దరు. ఎదురుగా ఉన్నది ఇద్దరు. ఎవరు కోశారో, ఎవరు పట్టుకున్నారో కోర్టు తేలుస్తుందని చెప్పి రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసింది.

"నన్నూ రాయి," అంది హజరా బీ.

"మీరు వీడియోలో లేరమ్మా."

ఇన్సులిను డబ్బా మాత్రం తీసుకున్నారు. జైల్లో లోపలికి పోనివ్వాలంటే ఆసుపత్రి చీటీ కావాలని, తెప్పిస్తానని సునీతే ఒక మనిషిని పంపింది. మూడు గంటలకు కోర్టు. లాయరు వచ్చి ఏదో చెప్పాడు. పదిహేను రోజుల రిమాండు అన్నాడు, తర్వాత మళ్లీ చూద్దామన్నాడు, ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ఏమీ చెప్పలేనన్నాడు. తిమ్మప్పను పిలిపించలేమా అని హజరా బీ అడిగితే, పిలిపిస్తే కూడా ఆయన ఆలూరులో ఉన్నాననే చెబుతాడమ్మా అన్నాడు.

జీపు ఎక్కేటప్పుడు చోటే సాబ్ ఆమెతో మాట్లాడలేదు. ఇమ్రాను మాట్లాడాడు. మహజబీనుకు చెప్పు, పాపను లేపాల్సిందని చెప్పు అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది. బస్సులో, ఆటోలో దాన్నే అనుకుంటూ వచ్చింది, మరిచిపోతానేమోనని. అప్పటికి మాపు నమాజు అయిపోయింది. తలుపుకు గొళ్లెం వేసి ఉంది. లోపల గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద ఒక మనిషికి సరిపడా అన్నం, పక్కన పప్పు, పైన పళ్లెం మూసి. దండెం మీద పాప గౌన్లు లేవు.

ఎదురింట్లో అడిగితే, ఎమ్మిగనూరుకు పోతాండానని చెప్పి పోయిందన్నారు. ఏడ్చిందా అని అడిగింది హజరా బీ. లేదన్నారు. ఎమ్మిగనూరు బస్సు కోసం ఆదోని బస్టాండులో దిగే తీరాలి. అక్కణ్నుంచి ఫారెస్టు ఆఫీసు నడిచి పోయేంత దూరమే. హజరా బీ అక్కడ బెంచీ ముందు కూర్చుని ఉన్న టైములోనే, చంకలో పాపతో ఆ మనిషి బస్టాండులో నిలబడి ఉండాలి.

ఆమె ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మహజబీన్ అన్న ఎత్తి, చెల్లెలు పడుకుందని చెప్పాడు. ఇమ్రాను చెప్పమన్న మాట అతడికి చెప్పాలో వద్దో హజరా బీకి తెలియలేదు. రేపు చేస్తానని పెట్టేసింది.

మరునాడూ చేసింది. ఆ వారమంతా చేసింది.

మహజబీన్ ఆ ఇంటికి మళ్లీ రాలేదు. ఆమె పోయింది డిసెంబరు తొమ్మిది, మంగళవారం, పగలు పన్నెండు గంటల ఆటోకు.